నడుమ జొన్నపిండి సంచి

మా అత్తమ్మ మహాదేవమ్మ నాతో పన్నెండేళ్లు మాట్లాడలేదు. కోపముండి కాదు, మర్యాదుండి. మా ఇళ్లలో పాతకాలపు అత్తలు అల్లుడి ఎదుట కూర్చోరు, తలమీది కొంగు తీయరు, నోరు విప్పరు. చెప్పాల్సిందేదైనా ఉంటే కూతురితో చెబుతారు, కూతురు మొగుడితో చెబుతుంది. నేను ఎదురుగానే ఉంటాను, ఆమె మాట నాకు వినబడుతూనే ఉంటుంది, అయినా నా భార్య భాగీరథి దాన్ని మళ్లీ ఒకసారి నాకు చెప్పాలి.

"అల్లుడు ఇంకొక రొట్టె తింటడేమో అడుగు" అని తలుపు వెనక నుంచి అత్తమ్మ.

"ఇంకొక రొట్టె తింటవా అంటున్నది అమ్మ" అని భాగీరథి.

"వద్దను" అని నేను.

ఈ తతంగమంతా అయ్యేసరికి రొట్టె నా కంచంలో పడనే పడేది. నాకు ఒళ్లు మండేది. అసలే నాది ముక్కుమీది కోపం. కానీ ఎవరి మీద చూపించను? ఆమె నాతో మాట్లాడితే కదా పోట్లాడటానికి!

అట్లాగని ఆమె మూగమనిషి కాదు. ఝరాసంగం దగ్గరి పల్లెలో మొగుడు పోయాక నాలుగెకరాలు ఒంటిచేత్తో సాగుచేసింది. ఒక ఎకరంలో అల్లం వేసేది. బేరగాళ్లు వస్తే తెలుగులో మొదలుపెట్టి, కన్నడలో తిట్టి, ఉర్దూలో బేరం తెంచేది. అల్లం ముక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఎవరి చేనుదో చెప్పేది. ఊరందరితో గలగలా మాట్లాడే మనిషి, నేను జహీరాబాదు నుంచి బండి మీద వచ్చి వాకిట్లో దిగానంటే చాలు, కొంగు లాక్కుని తలుపు చాటుకు పోయేది. ఆ తలుపు వెనక ఆమె నీడ నాకు తెలిసినంతగా ఆమె ముఖం తెలియదు.

ఎనభయ్యో సంవత్సరం ఆషాఢంలో భాగీరథి తల్లిగారింట్లో ఉండగా జ్వరపడింది. ఆదివారం చూడడానికి పోయాను. మంచంలో లేచి కూర్చుని నవ్వింది. "ఏం లేదు, రెండు రోజుల్ల నేనే వస్త, నువ్వు పో, నీకు డ్యూటీ ఉంది" అంది. నాది పశువుల దవాఖానలో కాంపౌండర్ పని. ఆ రోజుల్లో గొర్రెలకు సూదులు వేయడానికి ఊళ్లు తిరుగుతున్నాం. సరేనని వచ్చేశాను. బుధవారం నాడు కబురొచ్చింది. నేను పోయేసరికి అంతా అయిపోయింది. పదేళ్ల కాపురం, పిల్లలు లేరు, ఇక ఆమే లేదు.

అప్పటి నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న. ఆ ఆదివారం తలుపు వెనక నీడ ఉంది. ఆమెకు తెలియదా, కూతురి ఒళ్లు ఎట్లా కాలిపోతున్నదో? ఒక్కమాట చెబితే బండి మీద కూర్చోబెట్టుకుని పట్నం దవాఖానకు తీసుకుపోయేవాణ్ని కదా? ఎందుకు చెప్పలేదు? అడుగుదామంటే మా ఇద్దరి నడుమ మాట మోసే మనిషే పోయింది. అసలు భార్య పోయాక నేను ఆ ఇంటికి అల్లుణ్నా, కాదా? అది కూడా తెలియదు. ఏడాదిన్నర ఆ ఊరి దిక్కుకు బండి తిప్పలేదు.

ఎనభై రెండు సంక్రాంతి దాటాక ఒక పొద్దున గడ్డం గీసుకుంటున్నాను. వాకిట్లో ఎవరో మాట్లాడుతున్నారు. కిటికీలోంచి చూస్తే మా అత్తమ్మ. ఎడమ మోకాలికి గుడ్డ కట్టుకుని, కర్ర పట్టుకుని, వాకిట్లో నిలబెట్టిన నా రాజ్‌దూత్ మోటార్‌సైకిల్ ఎదుట నిలబడి ఉంది. దాంతో మాట్లాడుతోంది.

"ఓ బండీ, ఉగాదికి శ్రీశైలం పోవాలె. పదిసార్లు నడిచిన, ఇంకొక్కసారి ఉంది. నాకు మోకాళ్లు లేవు, నీకు చక్రాలున్నయి. మీ సారును అడిగి చెప్పు."

సగం గీసిన గడ్డంతో నేను అట్లాగే నిలబడిపోయాను. పిచ్చెక్కిందా ఈమెకు? కాసేపటికి అర్థమైంది. అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు. కూతురు లేదు. ఇంకెవరున్నారు? బండి ఉంది.

ఆమె మొక్కు సంగతి చెప్పాలి. మావాళ్లకు శ్రీశైలం భ్రమరాంబ ఇంటి ఆడబిడ్డ, మల్లయ్య అల్లుడు. ఉగాదికి కూతురికి చీర, పసుపు, కుంకుమ, గాజులు, అల్లుడికి పంచె మూటకట్టుకుని కాలినడకన పోతారు. అల్లుడే కాబట్టి దారంతా ఆయన్ను తిడతారు కూడా, నా పిల్లను అడవిలో పెట్టినవని. భాగీరథి పెళ్లయిన మరుసటేడు అత్తమ్మ మొక్కుకుంది: పదకొండుసార్లు నడిచి వస్తాను, నా పిల్ల కాపురం చల్లగా ఉంచు అని. పదిసార్లు నడిచింది. పదోసారి నడిచొచ్చిన మూడు నెలలకే భాగీరథి పోయింది.

నాకు మండిపోయింది. వాకిట్లోకి వచ్చి, నేనూ బండినే చూస్తూ అరిచాను. "ఇంకేం మొక్కు? ఎవరి కోసం? ఆ మల్లయ్య మాట తప్పలేదా? అడుగు ఆమెను!"

అత్తమ్మ బండి హ్యాండిల్ మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "ఆయన మాట తప్పిండని నేను గూడ తప్పాల్నా, చెప్పు బండీ" అంది.

ఆమె కర్ర టకటకలాడించుకుంటూ బస్సుకు పోయింది. నేను మిగిలిన సగం గడ్డం గీసుకోవడం మరిచిపోయి అట్లాగే డ్యూటీకి పోయాను.

నడిచేవాళ్ల గుంపుకు పెద్ద సంగయ్య స్వామి. ఆయన దగ్గరికి పోయి అడిగాను, బండి మీద పోతే మొక్కు చెల్లుతుందా అని. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఎందుకు చెల్లదు? కాళ్లు లేనోళ్లు పొర్లుకుంట గూడ వస్తరు. కానీ ఒక్కటి. ఆఖరి మనిషి ఎన్కనే ఉండాలె. ముందుకు పోవద్దు. మనిషిని దాటిపోతే అది నడక కాదు, షికారు."

"అంటే మూడువందల యాభై కిలోమీటర్లు మోటార్‌సైకిల్ మనిషి నడకతోని పోవాల్నా?"

"ఫికర్ ఎందుకు? పద్నాలుగు రోజులే గద."

"బాట ఎట్లుంటది? అడవిల పోతదా బండి?"

"మంచిగుంటది. కర్నూలు దాంక సడకు. ఆత్మకూరు దాటినంక జర రాళ్లు. సైకిళ్లు గూడ వస్తయి" అన్నాడు. సైకిళ్లు వస్తే మోటార్‌సైకిల్‌కేం అనుకున్నాను. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, నా ఖర్మ అక్కడే కాలింది.

ఇక నర్సింలు. బస్టాండు వెనక రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసేవాడు. నేను సంగతంతా చెబితే, చేతిలో పానా అట్లాగే పట్టుకుని నోరు తెరిచాడు.

"ఏంది సార్? ఇరవై ఏండ్లసంది గీ పని చేస్తున్న. వచ్చినోడల్లా జోరు పెంచమంటడు. తగ్గియ్యమన్నోడు నువ్వొక్కడివే. బ్రేకున్నది గద, తొక్కు!"

"రోజంతా బ్రేకు తొక్కుకుంట ఎట్ల పోత?"

"అదిగూడ నిజమే" అని తల గోక్కున్నాడు. ఆ తర్వాత నెలన్నర వాడు తల గోక్కుంటూనే ఉన్నాడు. నేను కూడా.

మొదటి గేరులో కూడా ఆ బండి మనిషిని దాటేస్తుంది. ఇంజను అంతే తిరగాలి, చక్రం మాత్రం నెమ్మదిగా తిరగాలి. అందుకని వెనక చక్రానికి ఉండే పళ్లచక్రం తీసేసి, హైదరాబాదులో లేతు మీద ఇనుము చెక్కే ఒక ఖరాదీ దగ్గర దానికన్నా బాగా పెద్దది చేయించుకొచ్చాడు. ముందుది చిన్నది వేశాడు. చైను సరిపోలేదు. రెండు చైన్లు కలిపి ఒకటి చేశాడు. అది చైను మీది రేకుకు తగిలి గరగరలాడింది. రేకు తీసేశాడు. అప్పుడు పంచె చైనులో పడుతుందేమోనని భయం. మళ్లీ రేకు కొత్తగా కోసి బిగించాడు. ఒకటి సర్దితే రెండోది పాడవుతోంది. నేను రోజూ డ్యూటీ దిగి షెడ్డుకు పోయి, నిన్న ఏం విప్పాడో, ఇవాళ ఏం బిగించాడో తెలియక, వాడి మీద అరిచి ఇంటికి వచ్చేవాణ్ని.

తరువాత వేడి. ఆ బండి ఇంజనుకు గాలే నీళ్లు. జోరుగా పోతే గాలి తగులుతుంది, చల్లబడుతుంది. నెమ్మదిగా పోతే? ఉగాది ఎండలో? తడిగుడ్డ చుట్టమని సంగయ్య స్వామి సలహా. "గట్ల చేస్తే పగిలి పోతది స్వామీ, మీరు మంత్రాలు చదువున్రి, మెకానిక్కు పని నన్ను చెయ్యనియ్యున్రి" అని నర్సింలు ఆయన్ను తరిమాడు. ఆఖరికి పెట్రోలులో ఆయిలు మామూలు కన్నా ఒక పిడత ఎక్కువ కలపాలని, రెండు ప్లగ్గులు జేబులో పెట్టుకోవాలని, అరగంటకోసారి ఆపాలని తేల్చాడు. ఇటువైపు అత్తమ్మ, బండికి వేడి చేస్తుందని ఎవరో చెప్పగా విని, ఒక రోజు బస్సులో చెంబెడు మజ్జిగ పంపించింది. బండికో, నాకో తెలియలేదు. నర్సింలు తాగేశాడు.

ఆ తరువాత కూర్చునే సంగతి. ఇది అన్నింటికన్నా కష్టం. అల్లుడి ముందు కూర్చోని మనిషి, అల్లుడి వెనక, అదే సీటు మీద, భుజం తగిలేలా ఎట్లా కూర్చుంటుంది? ఆమె నోట ఈ మాట రాలేదు. ఎట్లా వస్తుంది? కానీ నాకు తెలుసు, ఆమెకు తెలుసు, నర్సింలుకు కూడా తెలుసు. వాడు ఇనుప పట్టీలతో వెనక క్యారియర్‌ను జానెడున్నర పొడిగించి, దాని మీద నవారు అల్లి, కాళ్లు పెట్టుకోవడానికి పలక బిగించాడు. నాకూ ఆమెకూ నడుమ అడ్డంగా నిలబెట్టి కట్టడానికి ఒక సంచి. దారి తిండికి జొన్నపిండి ఎట్లాగూ తీసుకుపోవాలి. నిండుగా కుట్టిన జొన్నపిండి సంచి నా వీపుకు, ఆమెకు మధ్య గోడలాగా నిలబడింది. నర్సింలు దాన్ని చరిచి చూసి, "ఇగ అత్తమ్మ అవతలి ఇంట్ల, నువ్వు ఇవతలి ఇంట్ల" అన్నాడు.

ఝరాసంగం బాటలో బర్రెల మంద వెనక నడిపి చూశాం. బండి బర్రెలను దాటకుండా పోయింది. నర్సింలు ఎగిరి గంతేశాడు. అంతలోనే నేను పక్కకు పడ్డాను. అంత నెమ్మదిగా పోతే రెండు చక్రాలు నిలబడవని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. రెండు కాళ్లూ నేలకు రాసుకుంటూ పోవాలి. అట్లా నాలుగు రోజులు నేర్చుకున్నాను. ఒక జత చెప్పులు అరిగిపోయాయి. దారిలో జనం ఆగి చూసేవాళ్లు. పశువుల కాంపౌండర్ బర్రెల వెనక బండి మీద పాకుతున్నాడేమిటని అడిగితే, నేనేం చెప్పను?

బయలుదేరిన పొద్దున అత్తమ్మ కొత్త ఇరకల్ చీర, పసుపు, కుంకుమ, గాజులు, ఒక పంచె మూటకట్టి ఒళ్లో పెట్టుకుని క్యారియర్ మీద పక్కకు తిరిగి కూర్చుంది. చెప్పులు లేవు. కొంగు ముఖం మీదికి. గుంపులో నలభై మంది. కంబళ్లు, కర్రలు, మెడలో లింగాలు, "మల్లయ్యా, అల్లుడా" అని కేకలు. అందరికీ వెనక, భుర్రుమంటూ, రెండు కాళ్లు రాసుకుంటూ మేము.

మొదటిరోజు మధ్యాహ్నానికి ఇంజను మీద రొట్టె కాల్చుకునేంత వేడి. నా చేతులు తిమ్మిరెక్కాయి, తొడలు పట్టేశాయి. మూడుసార్లు ఆపాం. ఆపిన ప్రతిసారీ గుంపు ముందుకు పోయింది, మేము అందుకోవడానికి తిప్పలు పడ్డాం. ఎందుకంటే మన బండి ఇప్పుడు జోరు పోలేదు కదా, ఆ పెద్ద పళ్లచక్రం పుణ్యమా అని! రాత్రి పడుకుంటే కాళ్లు నావి కావనిపించింది.

రెండోరోజు పొద్దున బండి ఎక్కబోతూ అత్తమ్మ మెల్లగా అంది. "ఓ బండీ. వాళ్లను ఒక గంట ముందుగాల పోనిచ్చి, మనం చెట్టు కింద కూసుని, ఆ తర్వాత మెల్లగ పోయి అందుకుంటే కాదా? ముందుకు పోవద్దన్నరు గని, ఆగొద్దనలే గద."

నేను హ్యాండిల్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆగడం! ఆగితే చాలు! మామూలు బండితో, మామూలు చైనుతో, ఒక గంట చెట్టు కింద కూర్చుని, పావుగంటలో పోయి అందుకోవచ్చు. నెలన్నర! ఖరాదీ చక్రం! రెండు చైన్లు! బర్రెల వెనక పాకడం! ఇది నర్సింలుకు తోచలేదు, సంగయ్యకు తోచలేదు, నాకు తోచలేదు.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అని బండి మీద గట్టిగా అరిచాను.

కొంగు వెనక నుంచి, "ఎవ్వరు అడిగిన్రు?" అంది.

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో అప్పుడు తెలియలేదు. ఆ రోజు నుంచి ఆగుతూ, అందుకుంటూ పోయాం. అందుకోవడానికి మా మందకొడి బండికి గంట పట్టేది. అయినా కాళ్లకు కాస్త తెరిపి.

చెట్ల కింద కూర్చున్న గంటల్లో మాటలు మొదలయ్యాయి. బండి నడుమ, ఆమె అటు, నేను ఇటు. "బండీ, అల్లునికి ఉప్పు ఎక్కువ కావాలె, ఈ రొట్టెల తక్కువైందేమో" అని ఆమె. "సరిపోయిందని చెప్పు" అని నేను. భాగీరథి చిన్నప్పుడు అల్లం చేనులో తప్పిపోయి మడుల నడుమ నిద్రపోయిందని బండితో చెప్పింది. భాగీరథి మా ఇంట్లో చేసిన మొదటి పప్పులో చింతపండు వేయడం మరిచిపోయిందని నేను చెప్పాను. బండి అన్నీ విన్నది. తాండూరు పోయింది, పాలమూరు పోయింది, కృష్ణ దాటాం, కర్నూలు వచ్చింది. ప్రతి పూటా ఆమె సంచి మూతి విప్పి పిండి తీసేది. తిరిగి కట్టేటప్పుడు సంచి కొంచెం కుంగేది. ఆత్మకూరు చేరేసరికి గోడ నడుము దాకా దిగింది. బండి గుంతలో పడితే ఆమె చేయి పొరపాటున నా భుజానికి తగిలేది. వెంటనే తీసేసేది. నేను కదలకుండా కూర్చునేవాణ్ని. నాకు అది నచ్చుతోందా, ఇబ్బందిగా ఉందా, చెప్పమంటే చెప్పలేను.

అడవిలో మాత్రం నర్సింలు పళ్లచక్రం పనికొచ్చింది. రాళ్లబాట మీద, ఎత్తుల మీద, బండి ఎద్దులాగా పాకింది. మనసులోనే వాడికి దండం పెట్టుకున్నాను. పెచ్చెరువు దాటి, ఉగాదికి ముందురోజు పొద్దున భీమునికొలను లోయ దగ్గరికి వచ్చాం. గుంపు అక్కడ ఆగి ఉంది. ఎందుకాగారా అని ముందుకు పోయి చూశాను.

మెట్లు. రాతిమెట్లు. లోయలోకి దిగి, అవతల కొండ మీదికి మళ్లీ ఎక్కే మెట్లు. పైకి చూస్తే చివర కనబడలేదు.

"స్వామీ! సైకిళ్లు గూడ వస్తయన్నవు గద!" అని సంగయ్య మీద విరుచుకుపడ్డాను.

ఆయన అయోమయంగా చూశాడు. "వస్తయి గద. గీడికి వచ్చినంక భుజాన ఎత్తుకుంటరు. నీ బండి ఎక్కదా? గింత పెద్ద ఇంజన్ ఉన్నది?"

ఆయన నలభైసార్లు నడిచిన మనిషి, బండి ఎక్కని మనిషి. నేను బండి ఎక్కిన మనిషిని, ఎన్నడూ నడవని మనిషిని. మెట్లుంటాయని నేను అడగలేదు, మోటార్‌సైకిల్ మెట్లెక్కదని ఆయనకు తెలియదు. మా ఇద్దరికీ తెలియనిది తెలిసిన మనిషి ఒక్కతే. పదిసార్లు ఈ మెట్లు ఎక్కింది, రెండు వారాలు ఈ బండి మీద కూర్చుంది. ఆమెను ఎవ్వరూ అడగలేదు.

నలుగురు మనుషులు కర్రకు కంబళి కట్టి డోలీలో మోస్తామన్నారు. అత్తమ్మ తల అడ్డంగా ఊపింది. మనుషుల మీద ఎక్కి పోను, మొక్కు వాళ్లదైపోతుంది అంది, సంగయ్యతో. పొద్దెక్కకముందే కొండ ఎక్కాలని గుంపు దిగిపోయింది. నేను, ఆమె, బండి మిగిలాం. ఇంతదూరం వచ్చి, రేపు ఉగాది అనగా, ఇక్కడ ఆగిపోతామా? చీర మూట ఆమె చంకలో ఉంది. బండిని చెట్టుకు కట్టి, ఖాళీ అయిన సంచి మడిచి సీటు కింద పెట్టాను. ఇక ఏం చేయాలో తోచక ప్లగ్గు విప్పి తుడవడం మొదలుపెట్టాను. దానికి ఏ రోగమూ లేదు.

"ఓ బండీ" అంది ఆమె వెనక నుంచి. "అల్లునికి చెప్పు..." అని ఆగిపోయింది.

తిరిగి చూశాను. ఆమె బండిని చూస్తోంది. బండి ఇక్కడే ఉంటుంది. మెట్ల మీద మాట ఎవరు మోస్తారు? అది ఆమెకూ అప్పుడే తట్టినట్టుంది. చేత్తో కొంగు వెనక్కి తోసింది. పన్నెండేళ్ల తరువాత మా అత్తమ్మ ముఖం నిండుగా చూశాను. అచ్చం భాగీరథి కళ్లు. ఎవరూ నాకు చెప్పలేదు.

"శివరాజూ" అంది. "చెయ్యి ఇయ్యి బిడ్డా."

జవాబు చెప్పమని బండి దిక్కు చూశాను, వెధవలాగా. తరువాత చేయి ఇచ్చాను.

ఒక్కో మెట్టుకు ఒక్కో నిమిషం పట్టింది. ఎడమకాలు ముందు పెట్టి, నా భుజం మీద బరువు వేసి, కుడికాలు. లోయ దిగి, నీళ్లు తాగి, అవతల ఎక్కడం మొదలుపెట్టాక, పదో మెట్టు మీదో ఇరవయ్యో మెట్టు మీదో కూలబడింది. రొప్పుతూ చెప్పింది.

"ఆ ఐతారం నాడు తలుపెన్క నిలవడ్డ. పిల్లకు మంచిగ లేదు, తీస్కపో అని చెప్దామనుకున్న. నోటి దాంక వచ్చింది. అల్లునితోని ఎట్ల మాట్లాడుదు అని మింగిన. బండి చప్పుడు ఊరు దాటిందాంక నిలవడ్డ. నా నోటితోని నేనే నా పిల్లను చంపుకున్న బిడ్డా."

ఏడాదిన్నరగా ఆ మాట కోసం కాచుకుని ఉన్నాను. వింటే కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆమె చేయి ఇంకా నా చేతిలోనే ఉంది. ఎముకలు తప్ప ఏమీ లేని చేయి.

"నీ నీడ నేను చూసిన అత్తమ్మా" అన్నాను. "ఏమైందని ఒక్కమాట నేనన్న అడగొచ్చు గద. నేను గూడ అడగలే."

ఇద్దరం ఆ మెట్టు మీద కూర్చుని ఏడ్చాం. కన్నడపు గుంపు ఒకటి మమ్మల్ని దాటుకుని పోతూ, మోకాళ్ల నొప్పులనుకుని, పైకి రమ్మని ధైర్యం చెప్పింది. లేచి మళ్లీ ఎక్కాం. కొండ మీదికి చేరేసరికి పొద్దు వాలింది.

ఉగాది పొద్దున వరుసలో నిలబడి, అమ్మవారికి చీర, పసుపు, కుంకుమ, గాజులు తన చేతులతో ఇచ్చింది. పదకొండో చీర. బయటికి వచ్చాక చూస్తే పంచె మాత్రం మూటలోనే ఉంది. మరిచిపోయిందేమోనని గాభరా పడ్డాను. "అత్తమ్మా, మల్లయ్య పంచె ఇయ్యలే నువ్వు!"

ఆమె ఆ పంచె విప్పి, ఎండలో ఒకసారి దులిపి, నా భుజం మీద వేసింది.

"ఆయనకు మస్తుమంది అత్తలున్నరు బిడ్డా" అంది. "నీకు నేనొక్కదాన్నే."